బాల నటుల బడి సెలవు: సంతకం ఎవరిది?

వార్తా సంస్థలు పంపే కథనాలను రాత్రి పాళీలో కూర్చుని తెలుగు చేసేవారికి కొన్ని కథనాల నడక ముందే తెలిసిపోతుంది. ముంబయి నుంచో చెన్నై నుంచో ఒక బాల నటి గురించి వార్త వస్తుంది. మొదటి పేరాలో ఆమె సాధించిన విజయం, రెండో పేరాలో తల్లిదండ్రుల ఆనందం, ఆ తరువాత దర్శకుడి ప్రశంస, చిట్టచివర పాఠశాల ఎంతగానో సహకరించిందనే అర్థం వచ్చే ఒక వాక్యం ఉంటాయి. పేజీలో స్థలం చాలనప్పుడు ముందుగా కత్తెర పడేది ఆ వాక్యానికే. నిజానికి అడగవలసిన ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పాప ఎన్ని రోజులు బడికి వెళ్లలేదు? సెలవు ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు? హాజరు పట్టీలో ఆ రోజులకు ఎదురుగా ఏమని రాశారు? తప్పిపోయిన పాఠాలు ఎవరు చెప్పారు?

నాకు తెలిసిన ఒక చిరుద్యోగి కుమార్తెకు కొన్నేళ్ల క్రితం టీవీ ధారావాహికలో చిన్న వేషం దొరికింది. ఏడో తరగతి చదువుతున్న ఆ అమ్మాయికి పన్నెండు రోజుల సెలవు కావలసి వచ్చింది. తండ్రి ఉన్న విషయం ఉన్నట్టు రాసి తీసుకువెళ్తే, షూటింగు కోసమని రాస్తే సెలవు ఇవ్వడానికి తమకు వీలుండదని, జ్వరమని రాసివ్వమని బడిలో చెప్పారు. ఆయన అలాగే రాసిచ్చారు. ధారావాహిక ప్రసారమైన మర్నాడు తరగతిలో పిల్లలందరూ ఆమెను ‘జ్వరం తగ్గిందా’ అని అడిగి నవ్వారు. సలహా ఇచ్చిన ఉపాధ్యాయుడు చెడ్డవాడు కాడు. రాసిచ్చిన తండ్రి అబద్ధాలకోరూ కాడు. నిజం రాయడానికి ఆ సెలవు చీటీలో చోటు లేకపోవడమే అసలు లోపం. ఈ లోపం ఒక బడిదో, ఒక కుటుంబానిదో కాదు. మన చట్టంలోనే ఉంది.

చట్టం ఏమంటున్నది?

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని పార్లమెంటు 2016లో సవరించిన సంగతి విదితమే. ఆ సవరణతో పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదన్న సాధారణ నిషేధం అమలులోకి వచ్చింది. దీనికి రెండు మినహాయింపులు ఇచ్చారు. ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో తల్లిదండ్రులకు సాయపడటం మొదటిది. సినిమాలు, టీవీ ధారావాహికలు, వాణిజ్య ప్రకటనలు, క్రీడలు వంటి వాటిలో కళాకారులుగా పాల్గొనడం రెండోది. సర్కస్‌ను మాత్రం ఈ రెండో మినహాయింపు నుంచి తొలగించారు. సర్కస్‌లలో పిల్లలను వినియోగించరాదని సుప్రీంకోర్టు 2011లోనే ఆదేశించి ఉండటం ఇక్కడ గమనార్హం.

ఈ రెండు మినహాయింపులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. తల్లి నడిపే కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే పిల్లవాడు బడి గంటలు ముగిసిన తరువాత గాని, సెలవుల్లో గాని మాత్రమే ఆ పని చేయాలని చట్టం నిక్కచ్చిగా చెప్పింది. కెమెరా ముందు నిలబడే పిల్లవాడి విషయంలో మాత్రం బడి గంటల ప్రస్తావన లేదు. అతని పాఠశాల విద్య దెబ్బతినరాదని మాత్రమే ఉంది. అంటే బడి వేళలో కూడా చిత్రీకరణ జరుపుకోవచ్చు. చదువు చెడకుండా ఉంటే చాలు. మరి చదువు చెడిందో లేదో నిర్ణయించేది ఎవరు?

ఈ ప్రశ్నకు సమాధానం 2017లో కేంద్రం ప్రకటించిన నిబంధనల్లో దొరకాలి. ఆ నిబంధనల్లో మంచి అంశాలు లేకపోలేదు. పిల్లల చేత రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించరాదు. వరుసగా 27 రోజులకు మించి పనిలో ఉంచరాదు. పిల్లల సంరక్షణకు అయిదుగురికి ఒకరు చొప్పున బాధ్యులను నియమించాలి. సంపాదనలో కనీసం 20 శాతాన్ని జాతీయ బ్యాంకులో పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మైనారిటీ తీరాక అది వారికి చెందుతుంది. పిల్లల ఇష్టానికి విరుద్ధంగా ఏ కార్యక్రమంలోనూ పాల్గొనేలా చేయరాదు. బడి పాఠాలకు అంతరాయం లేకుండా విద్యా సౌకర్యాలు కల్పించాలి.

అనుమతి ఇవ్వవలసింది జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు. నిర్మాత ఆయనకు హామీ పత్రం, పాల్గొనే పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల భద్రతకు బాధ్యత వహించే వ్యక్తి పేరు సమర్పించాలి. ఈ హామీ పత్రం ఆరు నెలల పాటు చెల్లుతుంది. పిల్లల పట్ల దౌర్జన్యం, నిర్లక్ష్యం, దోపిడీ జరగకుండా అన్ని చర్యలూ తీసుకున్నామని చిత్ర ప్రదర్శనలో ప్రకటించాలి కూడా. అంతా బాగానే ఉంది. కానీ ఇన్ని కాగితాల్లో ఒక్క సంతకం లేదు. అది ఆ పిల్లవాడు చదివే బడి ప్రధానోపాధ్యాయునిది.

బడి ఒక జిల్లా, అనుమతి ఒక జిల్లా

మరో చిక్కు ఉంది. అనుమతి ఇచ్చేది చిత్రీకరణ జరిగే జిల్లా మేజిస్ట్రేటు. విజయవాడలో ఆరో తరగతి చదువుతున్న బాలుడు రామోజీ ఫిల్మ్ సిటీలో నటించవలసి వస్తే అనుమతి పత్రం రంగారెడ్డి జిల్లా కలెక్టరు కార్యాలయంలో దాఖలవుతుంది. ఆ బాలుడి హాజరు పట్టీ మాత్రం విజయవాడలో ఉంటుంది. అనుమతి ఇచ్చిన అధికారికి ఆ పట్టీ కనిపించదు. పట్టీ నిర్వహించే ఉపాధ్యాయునికి ఆ అనుమతి సంగతి తెలియదు. రాష్ట్రాలు కూడా వేరైనప్పుడు ఈ రెండు కాగితాలు ఒకచోట చేరే మార్గమే కనిపించదు. పిల్లవాడు ముప్పయి రోజులు వరుసగా, సమాచారం లేకుండా బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయుడు నోడల్ అధికారికి తెలియజేయాలని ఇవే నిబంధనలు చెబుతున్నాయి. అయితే జ్వరమని చీటీ వచ్చి ఉన్నప్పుడు ‘సమాచారం లేకుండా’ అన్న మాటే వర్తించదు. పైగా 27 రోజుల పరిమితి 30 రోజుల పరిమితి కంటే ముందే ముగుస్తుంది.

ఈ 27 రోజుల లెక్కను కొంత పరిశీలించడం అవసరం. విద్యా హక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 220 పనిదినాలు ఉండాలి. వరుసగా 27 రోజులంటే ఆదివారాలు తీసివేయగా 23 లేక 24 బడి రోజులు. నిబంధన ‘వరుసగా’ అన్నదే కాని ఏడాదికి మొత్తం ఇన్ని రోజులని అనలేదు. మధ్యలో కొద్దిపాటి విరామం ఇచ్చి మరో 27 రోజులు, ఇంకొంత విరామం తరువాత మరో 27 రోజులు చిత్రీకరణ సాగితే నిబంధన అక్షరాలా పాటించినట్టే అవుతుంది. కానీ పిల్లవాడు సుమారు 70 బడి రోజులు పోగొట్టుకుంటాడు. 220లో అది దాదాపు మూడో వంతు. హాజరు 68 శాతానికి పడిపోతుంది. చదువు దెబ్బతినరాదన్న చట్టం మాటకు ఇక మిగిలే అర్థమేమిటి?

హాజరు తగ్గితే నష్టమేమిటని ప్రశ్నించేవారు ఉండవచ్చు. సీబీఎస్‌ఈ పది, పన్నెండు తరగతుల పరీక్షలకు 75 శాతం హాజరు ఉండాలి. ఆ లోటును మన్నించడానికి బోర్డు పేర్కొన్న కారణాల్లో దీర్ఘవ్యాధి, తల్లి లేక తండ్రి మరణం, అధీకృత క్రీడా పోటీలు, ఎన్‌సీసీ శిబిరాలు ఉన్నాయి. సినిమా చిత్రీకరణ ఆ పేర్లలో లేదు. అందుకే చీటీలో జ్వరం వస్తుంది. పేద కుటుంబాల్లో హాజరుకు డబ్బు విలువ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రారంభమైన అమ్మఒడి పథకానికి 75 శాతం హాజరును షరతుగా పెట్టారు. వేషం వేసిన కొన్ని రోజుల వేతనం కోసం ఏడాది ఆర్థిక సాయం చేజారే ప్రమాదం ఉన్నప్పుడు, తల్లి నిజం రాయకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? ఇటు బడి కూడా, పిల్లవాడు లేని రోజున ఉన్నట్టు గీత గీసి, మేలు చేశామనే అనుకుంటుంది.

అలా గీసిన గీత చివరికి ఎక్కడికి దారితీస్తుందో వేరొక రంగంలో మనం చూశాం. పోటీ పరీక్షల శిక్షణ కోసం పేరు ఒకచోట, పిల్లవాడు మరొకచోట ఉండే ‘డమ్మీ’ చదువులు ఎంతగా పెరిగాయంటే, ఇటువంటి అక్రమాలపై సీబీఎస్‌ఈ 2024 మార్చిలో 20 పాఠశాలల గుర్తింపును రద్దు చేయవలసి వచ్చింది. బాల నటుల సంఖ్య దానితో పోల్చదగింది కాకపోవచ్చు. తప్పుడు హాజరు అనే అలవాటు మాత్రం ఒకటే.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు?

సినిమా పరిశ్రమకు పుట్టినిల్లనదగిన కాలిఫోర్నియాలో బాల నటుల రక్షణకు చట్టం 1939లోనే వచ్చింది. మూకీ చిత్రాల కాలంలో పేరు పొందిన బాల నటుడు జాకీ కూగన్ సంపాదన యావత్తూ పెద్దవాళ్ల చేతుల్లో హరించుకుపోయిన ఉదంతం దానికి కారణమైంది. నేడు అక్కడ పిల్లలకు ఇచ్చే పని అనుమతి సాధారణంగా ఆరు నెలలు చెల్లుతుంది. ఆ దరఖాస్తులో బడి నింపవలసిన భాగం ఒకటి ఉంది. పిల్లవాడి హాజరు, చదువు, ఆరోగ్యం సంతృప్తికరంగా ఉన్నాయో లేదో బడివారు రాసి సంతకం చేయాలి. చిత్రీకరణ స్థలంలో స్టూడియో ఉపాధ్యాయుడు ఉండాలి. బడి రోజుల్లో మూడు గంటలు చదువుకు కేటాయించాలి.

ఇంగ్లండులో లైసెన్సు ఇచ్చేది చిత్రీకరణ జరిగే చోటి అధికారి కాదు, పిల్లవాడు నివసించే ప్రాంతపు స్థానిక సంస్థ. పిల్లవాడి విద్యకు భంగం కలగదని ఆ సంస్థ సంతృప్తి చెందిన తరువాతే లైసెన్సు ఇస్తుంది. బయట చదువు చెప్పే ఉపాధ్యాయుణ్ని కూడా ఆ సంస్థే ఆమోదించాలి. 2024 ఆగస్టు నుంచి అక్కడి హాజరు పట్టీల్లో నియంత్రిత ప్రదర్శనల కోసం ఇచ్చిన సెలవుకు ‘సీ1’ అని ప్రత్యేక సంకేతం కూడా ఏర్పరచారు. అంటే పిల్లవాడు హాజరు కాలేదు, కారణం జ్వరమూ కాదు. నాటకానికో చిత్రీకరణకో బడి అనుమతితోనే వెళ్లాడు. పట్టీ నిజం చెబుతుంది.

తర్జుమా చేసేవాడిగా ఒక మాట చెప్పవలసి ఉంది. ఇంగ్లండు వార్తల్లో కనిపించే ఈ అనుమతి గల గైర్హాజరుకు మన బడి వ్యవహారంలో వాడుకలో ఉన్న పదం లేదు. మనకు ఉన్నవి హాజరు, గైర్హాజరు అనే రెండే గడులు. మూడో గడి లేదు కాబట్టి ఆ పదమూ పుట్టలేదు.

మన దేశంలో కూడా ఈ దిశగా ఆలోచన జరగలేదని కాదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మొదటి అధ్యక్షురాలు మన రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాల కార్మికులను బడి బాట పట్టించిన శాంతా సిన్హా. బడిలో లేని ప్రతి బిడ్డా కార్మికుడేనన్నది ఆ ఉద్యమం నమ్మిన సూత్రం. ఆమె హయాంలోనే టీవీ ధారావాహికలు, రియాలిటీ షోలు, ప్రకటనల్లో పాల్గొనే పిల్లల కోసం కమిషన్ మార్గదర్శకాలు రూపొందించింది. తిరిగి 2022 జూన్‌లో విడుదల చేసిన ముసాయిదాలో, చిత్రీకరణ వల్ల బడికి వెళ్లని పిల్లలకు నిర్మాత ప్రైవేటు ఉపాధ్యాయుణ్ని నియమించాలని ప్రతిపాదించింది. మంచిదే. కానీ నిర్మాత జీతమిచ్చే ఉపాధ్యాయుడు నిర్మాతకే జవాబుదారీ అవుతాడు. షాటు సిద్ధమైందని పిలుపు వచ్చినప్పుడు, లెక్క పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని పంపనని అతను అనగలడా? బడికి జవాబు చెప్పవలసిన వ్యక్తి అయితేనే అనగలడు.

అభ్యంతరాలు

కళ కూడా చదువేనన్నది మొదటి అభ్యంతరం. ఇది తోసివేయదగిన వాదన కాదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలకు, కళలు, క్రీడలకు మధ్య గోడలు ఉండరాదని చెప్పింది. మన తెలుగునాట 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజాల్లో తరతరాలుగా పిల్లలు రంగస్థలం మీదే పెరిగారు. పద్యం, రాగం, అభినయం ఏ బడీ నేర్పనంతగా నేర్చుకున్నారు. అయితే సమాజం ఊరు మారినప్పుడల్లా ఆ పిల్లల బడి కూడా మారవలసి వచ్చేది. కళ వారికి ఇచ్చినది గొప్పదే. అంతమాత్రాన భిన్నాలు, భూగోళం అక్కరలేదనలేం. పైగా కళ చదువే అయితే దాని కోసం తీసుకునే సెలవును దాచవలసిన అవసరమేమిటి?

ప్రధానోపాధ్యాయునికి సంతకం అధికారం ఇస్తే అది వేధింపులకు, సిఫార్సులకు తావిస్తుందన్నది రెండో అభ్యంతరం. ఇందులోనూ నిజం లేకపోలేదు. అయితే నేటి స్థితి అంతకంటే మెరుగైనది కాదు. పేరున్న నటుడి కుమారుడికి బడి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. గుంపు దృశ్యాల్లో నిలబడే పేద పిల్లవాడికి ఒక్క పూట సెలవు కూడా కష్టమే. నియమం లేని చోట దయాదాక్షిణ్యాలదే రాజ్యం. గడువు పెట్టి, నిరాకరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని, దానిపై జిల్లా విద్యాశాఖాధికారికి అప్పీలు చేసుకోవచ్చని నిబంధన పెడితే ఈ భయం చాలావరకు తీరుతుంది.

ఖర్చు, జాప్యం అన్నది మూడో అభ్యంతరం. ఇది నిర్మాతల నుంచి వస్తుంది. అవుట్‌డోర్ చిత్రీకరణలో ఒక్క రోజు వృథా అయితే ఎంత నష్టమో పరిశ్రమ వారికి తెలుసు. అందుకే అన్ని ఖర్చులూ ముందే లెక్క వేస్తారు. జనరేటరుకు, భోజనాలకు, గుర్రాలకు, వాటి వైద్యుడికి పద్దు ఉన్నప్పుడు పిల్లవాడి పాఠానికి ఒక పద్దు ఉండటం భారమని ఎవరైనా అంటే దాన్ని గౌరవించనవసరం లేదు. ఇప్పుడు ఆ ఖర్చు ఎవరూ పెట్టడం లేదని కాదు. పిల్లవాడు పెడుతున్నాడు, తన చదువులోంచి.

చేయవలసినది

ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. 2017 నిబంధనలను సవరిస్తే సరిపోతుంది.

మొదటిది, కలెక్టరుకు ఇచ్చే దరఖాస్తుతో పాటు బడి నుంచి ఒక పుట జతపరచడం తప్పనిసరి చేయాలి. ఆ ఏడాది పిల్లవాడి హాజరు ఎంత, చదువు ఎలా ఉంది, ఎన్ని రోజుల సెలవుకు బడి అంగీకరిస్తున్నది అనే వివరాలు అందులో ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు వారం రోజుల్లో సంతకం చేయాలి లేదా నిరాకరణకు కారణం రాయాలి. ప్రభుత్వ బడికీ, ప్రైవేటు బడికీ ఇదే నియమం వర్తించాలి.

రెండోది, అనుమతి ప్రతి ఒకటి పిల్లవాడు చదివే జిల్లా విద్యాశాఖాధికారికి చేరాలి. చిత్రీకరణ పక్క రాష్ట్రంలో జరిగినా ఈ కాగితం బడికి చేరవలసిందే.

మూడోది, వరుస రోజుల పరిమితితో పాటు విద్యా సంవత్సరం మొత్తానికి ఒక పరిమితి ఉండాలి. ముప్పయి బడి రోజులకు మించరాదన్నది నా సూచన. వేసవి, దసరా, సంక్రాంతి సెలవులు ఉండనే ఉన్నాయి. నిర్మాతలు వాటికి తగినట్టు కార్యక్రమం వేసుకోవచ్చు.

నాలుగోది, హాజరు పట్టీలో మూడో గడి కావాలి. ‘కళా ప్రదర్శనకు అనుమతించిన సెలవు’ అని రాసి, ఆ రోజుల్లో చిత్రీకరణ స్థలంలో పాఠం చెప్పిన ఉపాధ్యాయుని దినచర్య పుస్తకాన్ని దానికి జతపరచాలి. పాఠం జరిగిన రోజులను పరీక్షార్హతకు, ప్రభుత్వ పథకాలకు హాజరుగా పరిగణించాలి. జరగని రోజులకు నిర్మాత బాధ్యత వహించాలి. క్రీడాకారులకు చూపిన ఔదార్యం కళాకారులకు చూపకపోవడానికి కారణం లేదు.

పిల్లల హాజరును చూసుకోవలసిన బాధ్యతను విద్యా హక్కు చట్టం 2010 నుంచి ప్రభుత్వాల మీద పెట్టింది. పిల్లల సంపాదనలో 20 శాతాన్ని బ్యాంకులో భద్రపరచాలన్న శ్రద్ధ మన నిబంధనలకు ఉండటం హర్షణీయం. పద్దెనిమిదేళ్లు నిండాక ఆ సొమ్ము వడ్డీతో సహా చేతికి వస్తుంది. పోయిన పాఠం అలా తిరిగిరాదు. బాల నటులు చాలామందికి గొంతు మారి, మీసాలు మొలిచే వయసులో వేషాలు ఆగిపోతాయి. అప్పుడు వారికి మిగిలేది ఆ డిపాజిట్టు, ఏడెనిమిదేళ్లలో నేర్చుకున్న చదువు మాత్రమే. మొదటిదానికి బ్యాంకు రసీదు ఇస్తుంది. రెండోదానికి నేడు ఎవరూ రసీదు ఇవ్వడం లేదు. ప్రధానోపాధ్యాయుని సంతకం ఆ రసీదు కావాలి.

అప్పుడు వార్తా కథనం చివర పాఠశాల సహకరించిందని రాస్తే దానికి అర్థం ఉంటుంది. ఏడో తరగతి చదివే అమ్మాయి తండ్రి చేత జ్వరమని రాయించుకోవలసిన అగత్యమూ తప్పుతుంది.